అటవీ విధానం మారేది విధాన పత్రంలో కాదు

ఇప్పుడు మన దేశంలో అమల్లో ఉన్న జాతీయ అటవీ విధానం 1988 డిసెంబరు నాటిది. 2018లో కేంద్రం కొత్త ముసాయిదా ఒకటి విడుదల చేసి అభిప్రాయాలు అడిగింది. అది ఖరారు కాలేదు. విధాన పత్రం వరకే చూస్తే ముప్పయ్యేళ్లకు పైగా ఒక్క వాక్యం కూడా మారలేదు. కానీ ఈ ముప్పయ్యేళ్లలోనే 'అడవి' అనే మాటకు అర్థం రెండుసార్లు మారింది. పోడు భూమికి హక్కు పత్రం ఇచ్చే చట్టం వచ్చింది. అడవిని గనికో ఆనకట్టకో ఇచ్చేటప్పుడు గ్రామసభను ఎప్పుడు అడగాలన్న క్రమం తలకిందులైంది. అడవి పోయినందుకు కట్టించుకున్న డబ్బు ఎంత పోగైందంటే, 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా బదిలీ చేసింది.

విధానం మారిందో లేదో తెలియాలంటే నిర్వచనాలు, రూల్సు, డబ్బు పద్దులు చూడాలన్నది నా వాదన. ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గర కొత్త విధానం వస్తే పాతది పోదు, దాని మీద ఇది పరుచుకుంటుంది. అందుకే ఒకే కొండ మీద 1882 నాటి ఆలోచన, 1988 నాటి ఆలోచన, 2006 నాటి ఆలోచన మూడూ ఒకేసారి నడుస్తుంటాయి. బీట్ ఆఫీసరుకూ పోడు రైతుకూ గొడవ వచ్చినప్పుడు ఇద్దరి చేతిలోనూ చెల్లే కాగితమే ఉండటానికి కారణం ఇదే.

మొదటి పొర దగ్గర మొదలుపెడదాం. 1864లో అటవీ శాఖ ఏర్పడింది. దాని తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ బ్రాండిస్. ఊరి అడవులంటూ కొన్ని ఊళ్లకే ఉండాలని ఆయన వాదించాడు. రాతపూర్వకంగా ఇవ్వనిది హక్కు కాదు, సర్కారు దయతో సాగనిచ్చిన సౌకర్యం మాత్రమేనని మరో బ్రిటిష్ అధికారి బేడెన్ పావెల్ వాదించాడు. 1878 చట్టంలో ప్రధానంగా రెండో వాదనే నెగ్గింది. దానికి అప్పుడు గట్టిగా అడ్డం చెప్పింది మద్రాసు రెవెన్యూ బోర్డు. ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి మద్రాసు ప్రెసిడెన్సీలో దాదాపు లేనే లేదని 1871లోనే అది రాసింది. అందుకే 1878 చట్టం ఇక్కడికి రాలేదు, 1882లో మద్రాసుకు వేరే చట్టం చేశారు. ఒక ప్రభుత్వ కార్యాలయమే ప్రజల పక్షాన అంత స్పష్టంగా మాట్లాడిన ఈ ఘట్టం మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది. అయినా 1882 చట్టం అమలయ్యేసరికి ఫలితం పెద్దగా తేడా లేదు. పశువుల మేతకు పుల్లరి కట్టాల్సి వచ్చింది. పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం, 1922లో కన్నెగంటి హనుమంతు మరణం, అదే ఏడు మన్యంలో మొదలైన అల్లూరి పోరాటం, నిజాం ఇలాకాలో 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం నేలకొరగడం, వీటన్నిటి వెనకా ఇది సర్కారు అడవి అని గీసిన రిజర్వు గీత ఉంది.

ఆ గీత ఎలా గీస్తారో తెలిస్తే ఈనాటి పోడు తగాదా సగం అర్థమవుతుంది. మద్రాసు చట్టాన్నీ హైదరాబాదు చట్టాన్నీ కలిపి 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం చేశారు. దాని 4వ సెక్షన్ కింద ఫలానా సరిహద్దుల్లోని భూమిని రిజర్వు చేయదలిచామని నోటిఫికేషన్ ఇస్తారు. ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసర్‌ను వేస్తారు. గడువులోగా హక్కులు చెప్పుకున్నవాళ్ల అర్జీలు తీసుకుని విచారిస్తారు. అన్నీ తేలాక 15వ సెక్షన్ కింద తుది ప్రకటన వస్తుంది. పద్ధతి వినడానికి న్యాయంగానే ఉంటుంది. తప్పు జరిగేది లోపల. గెజిట్‌లో పడిన ప్రకటన కొండ మీది గూడేనికి చేరదు. చేరినా, ఏడాదికో చెలక మార్చుకునే పోడుకు సర్వే నంబరు ఉండదు, కాబట్టి అర్జీలో ఏం రాయాలో తెలియదు. అటవీ, రెవెన్యూ శాఖలు కలిసి కొలవాల్సిన జాయింట్ సర్వే జరగదు. ఫలితంగా అటవీ శాఖ మ్యాపులో రిజర్వు అయిన భూమే రెవెన్యూ రికార్డులో సర్కారు భూమిగా ఉండి, దాని మీద అసైన్డ్ పట్టా కూడా వచ్చి ఉంటుంది. కొన్ని బ్లాకులు 4వ సెక్షన్ దగ్గర ఆగి దశాబ్దాలైనా 15వ సెక్షన్‌కు చేరవు. అక్కడ కొత్తగా సాగు చేయడానికీ లేదు, పాత హక్కు తేలిందీ లేదు.

ఇక విధాన పత్రాల సంగతి. మొదటిది 1894 నాటిది. వోల్కర్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త దేశం తిరిగి ఇచ్చిన నివేదిక దానికి ప్రేరణ. పేడ పిడకలై పొయ్యిలో కాలిపోతుంటే పొలానికి ఎరువేదని ఆయన ప్రశ్న. వంటచెరకు అడవులు పెంచమన్నాడు. అందుకే 1894 విధానంలో వ్యవసాయానిది పైచేయి: సాగుకు నిజంగా భూమి కావాలి, అది అడవిలోనే దొరుకుతుంది అంటే సంకోచించకుండా ఇచ్చేయమంది. 1952 విధానం దీన్ని తిరగేసింది. వ్యవసాయం కోసమని అడవిని ఇష్టం వచ్చినట్టు తెగనరకడం కుదరదంది, అది మంచిదే. కానీ అడవి పక్కన ఒక ఊరు ఉండటం కాకతాళీయమనీ, దాని వల్ల యావద్దేశం హక్కుకు భంగం రాకూడదనీ కూడా అంది. 'దేశం' అంటే ఆచరణలో కాగితం మిల్లు, రైల్వే స్లీపరు, ప్లైవుడ్ ఫ్యాక్టరీ. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ ఈ దారిని చివరిదాకా తీసుకెళ్లింది. అటవీ అభివృద్ధి కార్పొరేషన్లు రావాలి, మిశ్రమ అడవిని కొట్టి త్వరగా పెరిగే జాతులు వేయాలి, ఊరివాళ్ల అవసరాలకు ఊరి బంజర్లలో సామాజిక అడవులు పెంచాలి అంది. మన జామాయిలు తోటలు ఆ ఆలోచన నుంచి పుట్టినవే. అదే ఏడాది 42వ సవరణతో అడవులు రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారాయి. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. దాంతో అడవిని అడవేతర పనికి ఇవ్వాలంటే రాష్ట్రానికి కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది.

1988 విధానం నాకు మిగతావాటన్నిటి కంటే నిజాయితీ గల పత్రం. పర్యావరణ సమతుల్యమే మొదటి లక్ష్యమనీ, ఆదాయం దానికి లోబడి ఉండాలనీ తేల్చి చెప్పింది. అడవిని నమ్ముకున్న గిరిజనుల వంటచెరకు, మేత, ఇంటి కలప అవసరాలు తీరాకే మిగతావాళ్లకు అంది. పరిశ్రమలు ముడిసరుకు కోసం అడవి వైపు చూడకుండా రైతులతో నేరుగా ఒప్పందం చేసుకుని పెంచుకోవాలంది. ఈ ఒక్క వాక్యం ప్రభావం చూడాలంటే ప్రకాశం, గుంటూరు, కృష్ణా, ఖమ్మం జిల్లాల మెట్ట పొలాల్లోని సుబాబుల్, జామాయిలు తోటలు చూస్తే చాలు. కాగితం గుజ్జుకు కావలసిన కలప అడవి కూపు నుంచి రైతు పొలానికి మారింది. రైతుకు ధర దక్కిందా అన్నది వేరే తగాదా, అదీ న్యాయమైనదే. కానీ అడవి మీద భారం తగ్గించిన విధాన మార్పుగా ఇది పనిచేసింది. పనిచేయడానికి కారణం, మిల్లుకు కలప కావాలి, రైతుకు డబ్బు కావాలి. ఎవరూ కాపలా కాయనవసరం లేకుండానే ఆ మార్పు నిలిచింది.

ప్రజల భాగస్వామ్యం మాత్రం అంత గట్టిగా నిలవలేదు. 1990 జూన్ 1న కేంద్రం ఉమ్మడి అటవీ యాజమాన్యం మీద సర్క్యులర్ పంపింది. మన దగ్గర 1992లో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. మొదటి ఏళ్లలో ఫలితం బాగా కనిపించిన చోట్ల జరిగింది కొత్త మొక్కలు నాటడం కాదు. నరికిన మోళ్లకూ వేళ్లకూ ప్రాణం మిగిలి ఉన్న అడవిలో మేతను, నిప్పును, గొడ్డలిని కొన్నేళ్లు ఆపితే చాలు, చిగుళ్లు వాటంతటవే లేస్తాయి. ఒక్కో మోడుకు పది పదిహేను పిలకలు వస్తే గట్టివి ఒకటి రెండు ఉంచి మిగతావి కోసేస్తే కాండం నిటారుగా సాగుతుంది. తక్కువ ఖర్చుతో అడవిని తిరిగి నిలబెట్టే పద్ధతి ఇంతకంటే లేదు. అయితే సమితికి చట్టం బలం లేదు, ప్రభుత్వ ఉత్తర్వు మాత్రమే ఉంది. డబ్బు ప్రాజెక్టుది. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో సామాజిక అటవీ యాజమాన్యం అని పేరు మార్చుకుంది. ప్రాజెక్టు అయిపోయాక చాలా సమితులు బోర్డులుగా మిగిలాయి. పోడు భూముల్ని సమితి అడవిలో కలిపిన చోట ఊళ్లలో కక్షలు కూడా మిగిలాయి.

1988 పత్రంలో నేను ఒప్పుకోనిది ఒక్క అంకె. దేశ విస్తీర్ణంలో మూడో వంతు, అంటే 33 శాతం అడవి లేదా చెట్ల కింద ఉండాలన్న లక్ష్యం. 1952 నుంచి వస్తున్నది, అప్పుడు కొండల్లో 60, మైదానాల్లో 20 శాతమని విడదీశారు. మన దగ్గరి పచ్చదనం పథకాలు కూడా ఈ అంకెను పట్టుకున్నాయి. 2015లో మొదలైన తెలంగాణ హరితహారం లక్ష్యం 24 నుంచి 33 శాతానికి పెంచడమే. ఈ అంకెను ఎలా కొలుస్తారో చూద్దాం. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 23.5 మీటర్ల స్పష్టత గల ఉపగ్రహ చిత్రాలు తీసుకుంటుంది. ఒక హెక్టారుకు తగ్గని భూమిలో చెట్ల గొడుగు 10 శాతం దాటితే అటవీ ఆచ్ఛాదనగా లెక్కేస్తుంది. భూమి ఎవరిది, దాన్ని దేనికి వాడుతున్నారు, ఏ చెట్టు అన్నది చూడదు. ఈ నిర్వచనం ప్రకారం కోనసీమ కొబ్బరితోట అడవే, నూజివీడు మామిడితోట అడవే, సుబాబుల్ తోట కోతకొచ్చేదాకా అడవే. 2023 నివేదిక ప్రకారం దేశంలో అటవీ ఆచ్ఛాదన 21.76 శాతం, విడి చెట్లు కూడా కలిపితే 25.17 శాతం. ఇందులో సహజమైన అడవి ఎంత, తోటలు ఎంత అన్నది ఈ అంకె చెప్పదు. నల్లమలలో ఒక గుట్ట బోడిగా మారి, దానికి సమానంగా ఎక్కడో ఆయిల్‌పామ్ పెరిగితే మొత్తంలో తేడా కనిపించదు.

దీనికి ఎదురు కొసన గడ్డి మైదానాలున్నాయి. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం ఉన్నది బట్టమేక పిట్ట కోసం. ఆ పిట్టకు కావలసింది కనుచూపు మేర తెరిపిగా ఉన్న గడ్డినేల. చెట్ల గొడుగు 10 శాతం లోపు ఉన్న నేల సర్వే లెక్కలో అడవి కాదు. అక్కడ మొక్కలు నాటితే శాతం పెరుగుతుంది, పిట్ట పోతుంది. అనంతపురం నుంచి మహబూబ్‌నగర్ దాకా మన మెట్ట ప్రాంతాల్లో సహజంగా గడ్డి, ముళ్లపొదలు ఉండాల్సిన నేల చాలా ఉంది. గొర్రెల కాపరుల బతుకు దాని మీదే. 33 శాతం అనే అంకెకు ఆ నేల ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. కొత్త విధానం ఎప్పుడు రాసినా ముందు ఈ అంకెను తీసేసి, ఏ ప్రాంతంలో ఏ రకం అడవి, ఏ రకం గడ్డినేల ఎంత నాణ్యంగా ఉండాలో రాయాలి.

ఇదే అంకె పిచ్చి పరిహార వనీకరణలోనూ ఉంది. అడవిని మళ్లిస్తే అంతే విస్తీర్ణం అడవి కాని భూమి ఇచ్చి అక్కడ మొక్కలు పెంచాలి. కేంద్ర సంస్థల ప్రాజెక్టుల వంటి వాటికి అడవి కాని భూమికి బదులు క్షీణించిన అడవిలో రెట్టింపు విస్తీర్ణంలో నాటొచ్చు. దీనికి తోడు అడవి నికర ప్రస్తుత విలువ అని హెక్టారుకు ఇంతని కట్టించుకుంటారు. 2008లో సుప్రీంకోర్టు అనుమతించిన రేట్లు అడవి తరగతిని బట్టి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయలు. ఆ తర్వాత పెంచారు. 2016లో వచ్చిన పరిహార వనీకరణ నిధి చట్టంతో ఈ డబ్బులో 90 శాతం రాష్ట్రాలకు వెళ్తుంది.

డబ్బు చేరాక నేల మీద ఏమవుతుంది? మూడు మీటర్లకు ఒకటి చొప్పున నాటితే హెక్టారుకు 1,111 మొక్కలు పడతాయి. గుంత పొడవు, వెడల్పు, లోతు తలా 45 సెంటీమీటర్లు ఉండాలి. గుంతలు ఎండాకాలంలోనే తీసి మట్టిని ఆరనివ్వాలి. తొలకరి తర్వాత నేల బాగా నానాక, జూన్ ఆఖరు నుంచి జులైలో నాటేయాలి. అప్పుడు నాటిన మొక్కకు వేరు దిగడానికి మూడు నెలల వాన దొరుకుతుంది. నిధులు ఆలస్యమై సెప్టెంబరులో నాటితే తెలంగాణ చెల్క నేలల్లో అది మొదటి వేసవికే పోతుంది. కోస్తా దక్షిణాన ఈశాన్య రుతుపవనం కొంత కాపాడుతుంది. నర్సరీలో పాలిథీన్ సంచిలో మొక్క ఎక్కువ కాలం ఉండిపోతే వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. చుట్ట కోయకుండా నాటితే రెండు మూడేళ్లు పచ్చగా ఉండి తర్వాత కూలిపోతుంది. అప్పటికి బతికిన మొక్కల లెక్క రాసేసి ఉంటారు. రెండో ఏడు చచ్చిన చోట మళ్లీ నాటాలి, మూడేళ్లు కలుపు తీయాలి, ఫిబ్రవరిలోపు నిప్పు గీతలు శుభ్రం చేయాలి. ఇవన్నీ చేసినా దొరికేది ఏమిటి? నల్లమద్ది, ఏగిస, ఇప్ప, మోదుగ, వెదురు, కింద పది రకాల దుంపలు, తీగలు ఉన్న అడవి పోయింది. దానికి బదులు మరో జిల్లాలో ఒకటి రెండు జాతుల వరసలు వచ్చాయి. ఇప్పపువ్వు ఏరుకునే గూడెం ఆ జిల్లాకు వెళ్లలేదు. పరిహారం అడవికి ఇచ్చామంటారు గానీ నష్టపోయిన మనుషులకు ఇందులో చోటే లేదు.

ఆ మనుషుల గురించి మాట్లాడిన చట్టం 2006లో వచ్చింది. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల వరకు హక్కు. గిరిజనేతరులైతే 75 ఏళ్ల నివాసం చూపాలి. చాలామందికి అది అసాధ్యం. గ్రామసభ కూర్చుని 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. వ్యక్తి హక్కుకు ఫారం ఎ, ఊరి ఉమ్మడి హక్కులకు ఫారం బి, సామూహిక అటవీ వనరుకు ఫారం సి. కమిటీ అటవీ శాఖకు కబురు పెట్టి భూమి మీదకు వెళ్లి చూస్తుంది. గ్రామసభ తీర్మానం చేసి సబ్ డివిజన్ కమిటీకి పంపుతుంది, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ తేలుస్తుంది. కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, గ్రామసభ, సబ్ డివిజన్ కమిటీల నిర్ణయాల మీద 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

తప్పు ఎక్కువగా ఆధారాల దగ్గర జరుగుతుంది. రూల్సు రెండు ఆధారాలు అడుగుతాయి. పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అదీ ఆధారమే. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడుగా పనికొస్తుందే తప్ప వాటికి బదులు కాదని 2012 సవరణ స్పష్టంగా చెప్పింది. అయినా చిత్రంలో సాగు కనిపించలేదని తిరస్కరించడం ఆగలేదు. ఇప్ప, తునికి చెట్లు ఉంచి మధ్యలో జొన్న చల్లుకునే పోడు, ఆ ఏడు బీడు వదిలిన చెలక, చిత్రంలో అడవిలాగే ఉంటాయి. అందుకే గ్రామసభలు అర్జీతో పాటు పాత బావి, సమాధులు, రాళ్ల గట్టు, దేవర గుడి వంటి గుర్తుల్ని నక్షాలో చూపించి జతచేయాలి. తిరస్కరణ కాగితం రాతపూర్వకంగా పట్టుబట్టి తీసుకోవాలి. నోటిమాటతో పంపిస్తే అప్పీలుకు గడువు ఎప్పుడు మొదలైందో కూడా తేలదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ చర్చంతా పోడు పట్టా చుట్టూనే తిరుగుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాలకు పట్టాలిచ్చింది. అవసరమైన పనే. కానీ చట్టంలోని అసలు మార్పు 3(1)(ఐ) సెక్షన్‌లో ఉంది: ఊరు తన పొలిమేరలోని అడవిని తానే కాపాడుకుని, పెంచుకుని, నిర్వహించుకునే హక్కు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, మన సరిహద్దుకు అవతలే, మేంఢా లేఖా అనే గోండు ఊరు సుమారు 1,800 హెక్టార్ల మీద ఈ హక్కు తెచ్చుకుంది. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. మన దగ్గర ఫారం సి దాదాపు కదలలేదు. ఉమ్మడి రాష్ట్రంలో కొన్ని చోట్ల సామూహిక హక్కు పత్రాలు గ్రామసభ పేరున కాకుండా వన సంరక్షణ సమితి పేరున ఇచ్చారు. పాత పొర కొత్త పొరను మింగడమంటే ఇదే.

ఇక గత కొన్నేళ్లలో జరిగిన మార్పులు రెండు. మొదటిది గ్రామసభను అడిగే క్రమం. 2009లో కేంద్రం ఒక సర్క్యులర్ పంపింది: హక్కులు తేలి, గ్రామసభ ఒప్పుకున్నాకే అడవి మళ్లింపు ప్రతిపాదన పంపాలి. ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని కాదనగలిగింది గ్రామసభ మాటకు విలువ ఉంది కాబట్టే. 1980 చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన రూల్సు ఆ పరీక్షను కేంద్రం అనుమతి ఇచ్చిన తర్వాతకు నెట్టి రాష్ట్రాలకు వదిలేశాయి. అనుమతి చేతికొచ్చి, డబ్బు కట్టేశాక ఊరిని అడిగితే ఆ అడగడానికి అర్థం లేదు. పార్లమెంటులో చర్చ లేకుండా, విధాన పత్రం తాకకుండా జరిగిన ఈ మార్పు 1988 తర్వాత వచ్చిన పెద్ద విధాన మార్పుల్లో ఒకటి.

రెండోది నిర్వచనం. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు నిఘంటువు అర్థంలో అడవి అనదగ్గదంతా, ఎవరి భూమి అయినా, 1980 చట్టం కిందికి వస్తుందంది. 2023 సవరణ దాన్ని రికార్డుల్లో అడవిగా ఉన్న భూమికి పరిమితం చేసింది, దేశ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్లలోపు వ్యూహాత్మక నిర్మాణాల వంటివాటికి మినహాయింపులిచ్చింది. 2024 ఫిబ్రవరిలో కోర్టు, కేసు తేలేదాకా పాత అర్థమే పాటించమని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. దీని అర్థం హైదరాబాదుకు 2025 ఏప్రిల్‌లో కళ్లముందు కనిపించింది. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు ప్రభుత్వ రికార్డులో అడవి కాదు. నేల మీద చెట్లు, చెరువులు, జింకలు, నెమళ్లు ఉన్నాయి. బుల్డోజర్లు దిగాక కోర్టు తనంతట తానుగా కలగజేసుకుని ఆపింది. రికార్డే అడవి అనుకుంటే అక్కడ ఆపడానికి ఏమీ ఉండేది కాదు. 1996 తీర్పు ప్రకారం ప్రతి రాష్ట్రం నిపుణుల కమిటీ వేసి ఇలాంటి భూముల్ని గుర్తించి జాబితా చేయాల్సింది. ఆ పని సమయానికి, నిజాయితీగా జరిగి ఉంటే అర్ధరాత్రి యంత్రాలూ, ఏప్రిల్‌లో కోర్టులూ అవసరం పడేవి కావు.

ఆ జాబితా పని ఇప్పుడైనా జిల్లా స్థాయిలో మొదలుపెట్టవచ్చు. సర్వే నంబరు వారీగా, రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి, గ్రామసభ ముందు చదివి వినిపిస్తూ చేయాలి. పట్టణాల్లో వార్డు కమిటీల ముందు చేయాలి. గడ్డినేలలకు వేరే వరస పెట్టాలి. 4వ సెక్షన్ దగ్గర ఆగిన బ్లాకుల్ని అదే పట్టికలో చూపించి, ఏ ఏడు నోటిఫికేషన్ వచ్చిందో, ఎన్ని అర్జీలు తేలలేదో పక్కన రాయాలి.